టర్బో కారు కొనే ముందు: కడప రోడ్ల మీద టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి

పికప్ బాగున్న కారు కొనాలనుకునేవారు షోరూములో మొదట అడిగే ప్రశ్న, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి అది ఎన్ని సెకన్లలో చేరుతుందని. కడప జిల్లాలో కారు నడిపేవారికి ఇంతకంటే తక్కువ పనికొచ్చే అంకె మరొకటి లేదని నా అభిప్రాయం. డివైడర్ ఉన్న నాలుగు వరుసల రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగమే గంటకు 100 కిలోమీటర్లు, మామూలు రోడ్ల మీద 70. ఆగి ఉన్న కారును ఒక్క ఊపున వందకు తీసుకెళ్లాల్సిన అవసరం మనకు రాదు. ఎర్రగుంట్ల సిమెంటు లారీ వెనకో, నాపరాళ్ల లోడు వెనకో నలభైలో నడుస్తూ, ఎదురుగా రోడ్డు ఖాళీ అయిన క్షణంలో దాన్ని దాటి మళ్లీ మన పక్కకు వచ్చేయడమే రోజూ ఎదురయ్యే పని. టెస్ట్ డ్రైవ్ కూడా ఆ పని చుట్టూనే జరగాలి.

షోరూము వారు సాధారణంగా బైపాస్ మీద పది నిమిషాలు తిప్పి తెచ్చేస్తారు. అది చాలదు. కనీసం గంట సమయం, మీరు చెప్పిన దారి, కారులో మీ ఇంటివారు మరో ముగ్గురు ఉండేలా ముందే మాట్లాడుకోండి. టర్బో అంటే పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనంగా గాలిని నెట్టే చిన్న పంపు. ఒక్కరే కూర్చున్నప్పుడు ఉత్సాహంగా పరుగెత్తే చిన్న టర్బో ఇంజిన్ నలుగురూ ఎక్కి, ఏసీ పూర్తిగా తిరుగుతున్నప్పుడు ఎలా లాగుతుందో అప్పుడే తెలుస్తుంది.

కారెక్కే ముందు టైర్ల దగ్గర కూర్చుని చూడండి. టైరు పక్కభాగం మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే అది 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. సైజు చివర ఉండే అక్షరం ఆ టైరు తట్టుకోగల వేగాన్ని చెబుతుంది; హెచ్ అంటే 210, వి అంటే 240 కిలోమీటర్లు. డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది, అది చల్లటి టైరుకు చెప్పిన లెక్క. టెస్ట్ డ్రైవ్ కారులో గాలి అంతకంటే ఎక్కువగా ఉంటే కారు గతుకుల మీద ఎగురుతుంది, తక్కువగా ఉంటే స్టీరింగ్ బద్ధకంగా తిరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ తప్పు కారుది కాదు. కాబట్టి బయలుదేరే ముందే గాలి సరిచేయించండి.

ఊళ్లో ముందుగా ఏడు రోడ్ల కూడలి దగ్గర రద్దీ సమయంలో కారును నడపండి. మధ్యస్థాయి టర్బో కార్లలో ఆటోమేటిక్‌గా వస్తున్న ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే) వ్యవస్థ చాలావరకు పొడి క్లచ్ రకానిది, అంటే క్లచ్‌ను చల్లబరిచే నూనె ఉండదు. వేగంగా గేరు మార్చడంలో దానికి సాటి లేదు గానీ, అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. బ్రేకు మీద నుంచి కాలు నెమ్మదిగా తీసినప్పుడు కారు కుదుపుతో కదులుతోందా, సాఫీగా కదులుతోందా గమనించండి. కొన్న తరువాత కూడా ముందు బండికి అతుక్కుని పాకించకుండా, కొంచెం జాగా వచ్చేదాకా ఆగి ఒకేసారి కదలడం అలవాటు చేసుకుంటే ఆ క్లచ్ ఎక్కువ కాలం మన్నుతుంది.

ఇక అసలు పరీక్ష. ఫోక్స్‌వ్యాగన్ వర్టుస్, స్కోడా స్లావియాలలోని 1.5 టీఎస్ఐ టర్బో ఇంజిన్ 150 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తిని, 250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే చక్రాలను తిప్పే బలాన్ని ఇస్తుంది. హ్యుందాయ్ వెర్నా టర్బో లెక్క 160, 253. కాగితం మీద ఈ తేడా తేడాయే కాదు. మీ కాలు నొక్కిన తరువాత ఆ టార్క్ చక్రాలకు చేరడానికి ఎంత ఆలస్యమవుతుందన్నదే చూడవలసింది. ఖాళీ రోడ్డు మీద నలభైలో స్థిరంగా వెళ్తూ యాక్సిలరేటర్‌ను మూడు వంతులు నొక్కి, వీపు సీటుకు ఆనేదాకా మనసులో లెక్కపెట్టండి. మీరు 70లో, ఎదురు బండి 70లో వస్తున్నప్పుడు ఇద్దరి మధ్య దూరం సెకనుకు దాదాపు 39 మీటర్ల చొప్పున తగ్గిపోతుంది; ఓవర్‌టేక్‌కు ఐదు సెకన్లు పడితే సుమారు 195 మీటర్లు కరిగిపోతాయి. టర్బో మేలుకోవడానికి, గేరు దిగడానికి మరో సెకను పడితే అదనంగా ఇంకో 39 మీటర్లు కావాలి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి, లారీ వెనక ఉన్నప్పుడే ఒక గేరు తగ్గించి, ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు దాటి తిరుగుతుండగా బయటకు రావడం మంచి పద్ధతి. నిజమైన ఓవర్‌టేక్‌ను మాత్రం పరీక్షగా వాడకండి.

తరువాత రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్. అక్కడిదాకా పంపడానికి ఒప్పుకోని షోరూములు ఉన్నాయి. అలాంటప్పుడు అదే కారు ఉన్న స్నేహితుణ్ని బతిమాలుకోవడమే మేలు, ఎందుకంటే కారు గుణం మలుపుల్లోనే బయటపడుతుంది. ఎక్కేటప్పుడు స్టీరింగ్‌ను గమనించండి. నేటి కార్లన్నిటిలోనూ దాదాపుగా విద్యుత్ మోటారుతో తేలికచేసిన స్టీరింగే ఉంటుంది. స్పోర్ట్ మోడ్ నొక్కితే అది బరువెక్కుతుంది గానీ ముందు చక్రాల కింద ఏం జరుగుతోందో చేతికి అదనంగా చెప్పదు. స్పీకర్లలోంచి వచ్చే కృత్రిమ ఇంజిన్ శబ్దానికి కూడా నేను విలువ ఇవ్వను. బరువు మారినా మారకపోయినా, తిప్పినంతే తిరిగి, మలుపు మధ్యలో సవరించాల్సిన పని పెట్టని స్టీరింగ్ మంచిది.

దిగేటప్పుడు బ్రేకులను చూడాలి. వేగం ఎంత పెరిగితే దాని వర్గానికి తగ్గట్టు గతిశక్తి పెరుగుతుంది కాబట్టి, అరవై నుంచి ఆపడానికి పుట్టే వేడి నలభై నుంచి ఆపినప్పటి వేడికి రెండింతలకు పైగా ఉంటుంది. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే పెడల్ మెత్తబడుతుంది, కాలిన వాసన వస్తుంది. గేరు తగ్గించి ఇంజిన్‌తోనే వేగాన్ని పట్టి ఉంచండి. మలుపుకు ముందు రోడ్డు నేరుగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు వేసి, స్టీరింగ్ తిప్పుతున్న కొద్దీ పెడల్‌ను మెల్లగా వదలండి, చూపును మలుపు చివరకు పంపండి, అక్కడ దారి కనబడ్డాకే యాక్సిలరేటర్ అందుకోండి. టైరుకున్న పట్టును బ్రేకూ స్టీరింగూ పంచుకోవాలి. రెండూ ఒకేసారి పూర్తిగా అడిగితే ముందు చక్రాలతో నడిచే కారు తిరగకుండా నేరుగా పోతుంది. అప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పడం వల్ల ఫలితం ఉండదు, వేగం తగ్గించాలి. లోపలి అంచున పేరుకున్న గులకరాళ్లూ, లారీల నుంచి కారిన డీజిలూ ఈ పట్టును ఇంకా తగ్గిస్తాయి. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి కారును దారిలో నిలుపుతుంది. రోడ్డు మీద దాన్ని ఆపే అవసరం ఎవరికీ లేదు. ఈ ఘాట్‌లో హద్దులు వెతకడం కోసం కాదు, అరవై లోపు కారు ఎంత నిబ్బరంగా ఉంటుందో చూడడం కోసం వెళ్లాలి. పైన ఆగి పాలకోవా కొనుక్కునే వ్యవధిలో బ్రేకులూ చల్లబడతాయి.

వీలైతే ఇదంతా మే నెలలో మిట్టమధ్యాహ్నం మరోసారి చేయండి. వేడిగాలి పలచగా ఉంటుంది, టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పని పెరుగుతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్‌లో టకటకమనడం) రాకుండా కంప్యూటర్ ఇంజిన్ జోరు తగ్గిస్తుంది. డిసెంబరు ఉదయం నచ్చిన కారు నలభై మూడు డిగ్రీల్లో వేరే కారులా అనిపించవచ్చు.

మరి 530 పీఎస్‌తో 3.8 సెకన్లలో వందకు చేరే బీవైడీ సీల్ వంటి విద్యుత్ కార్ల సంగతి? ఆ శక్తి అద్భుతమే, కానీ దాన్ని పూర్తిగా వాడాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల రేసు ట్రాక్ వంటి చోటికి వెళ్లాలి. బడ్జెట్ పరిమితంగా ఉంటే, అదనపు శక్తి కోసం పై వేరియంట్‌కు పోవడం కంటే మంచి టైర్లకు ఖర్చు పెట్టమని చెబుతాను. అడ్వాన్సు ఇచ్చే ముందు అదే సైజు టైరు ఒక్కొక్కటి ఎంత పడుతుందో, కడపలో దొరుకుతుందో లేదో టైర్ల షాపులో విడిగా అడిగి తెలుసుకోండి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్పించడానికి అయ్యే ఖర్చును కూడా సర్వీసు అంచనాలో రాయించుకోండి.