ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన అమెరికా మాజీ సైనికులు వైకల్య పరిహారానికి దరఖాస్తు చేసే విధానం

ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలోని అమెరికా సైనిక స్థావరాల్లో ప్లాస్టిక్, రసాయనాలు, వైద్య వ్యర్థాలతో సహా చెత్తనంతా ఆరుబయట గోతుల్లో పోసి తగలబెట్టేవారు. ఇరాక్‌లో పనిచేసిన ఒహాయో నేషనల్ గార్డ్ సార్జెంట్ హీత్ రాబిన్సన్ 2020లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించగా, ఆయన పేరిట రూపొందిన ప్యాక్ట్ చట్టంపై 2022 ఆగస్టు 10న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు. ఆ పొగ వల్లనే జబ్బు వచ్చిందని రోగి రుజువు చేయవలసిన భారాన్ని ఈ చట్టం చాలావరకు తొలగించింది. నిర్ణీత కాలంలో, నిర్ణీత ప్రాంతంలో పనిచేసినట్లు పత్రాలుంటే, శ్వాసకోశంలో పుట్టిన ఏ క్యాన్సర్‌నైనా సైనిక సేవ వల్ల వచ్చినదిగానే అమెరికా ప్రభుత్వ వెటరన్స్ (మాజీ సైనికుల) శాఖ పరిగణిస్తుంది.

1990 ఆగస్టు 2 తర్వాత ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, బహ్రెయిన్, ఖతార్, ఒమన్, సోమాలియా, యూఏఈలలో గానీ, 2001 సెప్టెంబరు 11 తర్వాత అఫ్గానిస్తాన్, సిరియా, జోర్డాన్, ఈజిప్టు, లెబనాన్, యెమెన్, జిబూటీ, ఉజ్బెకిస్తాన్‌లలో గానీ పనిచేసినవారు ఈ పరిధిలోకి వస్తారు. 1962 జనవరి 9 నుంచి 1975 మే 7 వరకు వియత్నాంలో ఉన్నవారికి, అక్కడ అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపుమందుకు సంబంధించిన నిబంధన కింద ఇదే వెసులుబాటు ఉంది. నార్త్ కరోలినాలోని సైనిక స్థావరమైన క్యాంప్ లెజూన్ కలుషిత నీటి విషయంలో మాత్రం చాలామంది పొరబడతారు. అక్కడివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్స ఖర్చులో సాయం లభిస్తుంది గానీ, పరిహారానికి సంబంధించిన జాబితాలో ఈ జబ్బు లేదు. వారు పరిహారం కోరితే వైద్యుని అభిప్రాయంతో సంబంధాన్ని విడిగా నిరూపించవలసి ఉంటుంది.

అన్నిటికన్నా ముందు, కాగితాలు చేతికి రాకపోయినా సరే, 21-0966 ఫారం ద్వారా క్లెయిమ్ వేసే ఉద్దేశాన్ని తెలియజేయాలి. ఏడాదిలోగా అసలు దరఖాస్తు, అంటే 21-526ఈజెడ్, దాఖలు చేస్తే, మంజూరైన సొమ్మును సాధారణంగా ఆ తొలి తేదీ నుంచే లెక్కిస్తారు. కీమోథెరపీ హడావిడిలో దీన్ని వాయిదా వేసిన కుటుంబం కొన్ని నెలల సొమ్మును వదులుకున్నట్లే.

దరఖాస్తుకు సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డీడీ-214 పత్రాన్ని, బయాప్సీ నివేదికను జతచేయాలి. నివేదికలో చూడవలసిన ముఖ్యాంశం క్యాన్సర్ మొదట ఎక్కడ పుట్టిందన్నది. ఊపిరితిత్తుల్లో పుట్టి మెదడుకో ఎముకలకో పాకితే ఆ కణుతులు కూడా ఇదే క్లెయిమ్‌లో చేరతాయి. వేరే అవయవంలో పుట్టి ఊపిరితిత్తులకు చేరినదైతే, ఆ మొదటి క్యాన్సర్ ఆధారంగానే క్లెయిమ్ వేయాలి. నివేదికలో ఇది అస్పష్టంగా ఉంటే క్యాన్సర్ వైద్యుని చేత ఒక వాక్యం రాయించుకోవడం మేలు. చికిత్స ప్రైవేటు ఆసుపత్రిలో జరుగుతుంటే, 21-4142 ఫారంతో అనుమతి ఇచ్చినవారి తరఫున శాఖే రికార్డులు తెప్పిస్తుంది. పొగతాగే అలవాటు ఉన్నంత మాత్రాన దరఖాస్తు మానుకోనవసరం లేదు, దానిని దాచనూ కూడదు.

వ్యాధి ముదిరి ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారు 20-10207 ఫారం పంపి తమ క్లెయిమ్‌ను ముందుగా పరిశీలించమని కోరవచ్చు.

క్యాన్సర్ చురుకుగా ఉన్నంతకాలం వైకల్యం నూరు శాతంగా నిర్ణయిస్తారు. కుటుంబ ఆధారితులు లేని వ్యక్తికి 2025లో ఇది నెలకు సుమారు 3,831 డాలర్లు, పన్ను లేదు. చికిత్స ముగిసిన ఆరు నెలలకు మళ్లీ పరీక్షకు పిలుస్తారు. క్యాన్సర్ తిరిగి రాకపోతే, మిగిలిన శ్వాస సామర్థ్యాన్ని కొలిచి శాతాన్ని తగ్గించవచ్చు. ఆ పరీక్షకు గైర్హాజరైతే పరిహారానికే ఎసరు వస్తుంది.

తిరస్కరణ వస్తే ఏడాదిలోగా కొత్త ఆధారాలతో అనుబంధ క్లెయిమ్ గానీ, పై అధికారి పునఃపరిశీలన గానీ, అప్పీళ్ల బోర్డు గానీ ఎంచుకోవచ్చు. గుర్తింపు పొందిన వెటరన్ సంఘాల ప్రతినిధులు దరఖాస్తును ఉచితంగా రాసిపెడతారు కనుక, మొదటి క్లెయిమ్‌కే రుసుము అడిగేవారిని దగ్గరకు రానీయవద్దు.

ఈ జబ్బుతో సైనికుడు మరణించినట్లయితే జీవిత భాగస్వామి తనకు రావలసిన పరిహారం కోసం 21పీ-534ఈజెడ్ ఫారంతో దరఖాస్తు చేయాలి. అమెరికా సైన్యంలో పనిచేసి హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వచ్చి స్థిరపడినవారికి కూడా పరిహారం ఆగదు. సేవా సంబంధమని గుర్తించిన జబ్బుకు ఇక్కడ చేయించుకున్న చికిత్స ఖర్చును ఫారిన్ మెడికల్ ప్రోగ్రామ్ కింద తిరిగి పొందవచ్చు.