దృశ్యంతో కథ చెప్పడం – 6వ పాఠం: చూపు ఎటు పోతోంది?

పోయిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. అమ్మ, కొడుకు, రాత్రి భోజనం, 8 షాట్లు. మాటలు ఉండకూడదు. పరీక్ష తప్పిన సంగతి కొడుకు చెప్పలేకపోతున్నాడని చూసేవాళ్లకు తెలియాలి. మీరు పంపినవన్నీ చూశాను. నటన బాగుంది, వెలుతురు కూడా చాలామంది జాగ్రత్తగా చూసుకున్నారు. కానీ సగానికి పైగా వీడియోల్లో అమ్మ, కొడుకు ఒకరినొకరు చూసుకోవడం లేదు, ఇద్దరూ ఒకే గోడను చూస్తున్నారు. అందుకే ఈసారి చెప్తానన్న లైటింగ్ పాఠాన్ని పక్కన పెట్టాను.

మాస్టర్ షాట్‌లో, అంటే ఇద్దరూ ఒకేసారి కనిపించే షాట్‌లో, అమ్మ ఫ్రేమ్‌కి ఎడమ పక్క, కొడుకు కుడి పక్క. అంటే క్లోజప్‌లో అమ్మ చూపు కుడికి, కొడుకు చూపు ఎడమకి పోవాలి. మీరేమో చోటు చాలకో, కిటికీ వెలుతురు కోసమో, కొడుకు క్లోజప్‌కి అవతలి వైపుకి వెళ్లి తీశారు. అక్కడినుంచి అతని చూపూ కుడికే పోతుంది. దీన్నే లైన్ క్రాస్ అంటాం. ఇద్దరినీ కలుపుతూ ఒక గీత ఉందనుకోండి. కెమెరా ఆ గీతకి ఒక పక్కనే, 180 డిగ్రీల లోపల ఎక్కడైనా తిరగొచ్చు. నేను ఇప్పటికీ జేబులో సుద్దముక్క పెట్టుకునే షూటింగ్‌కి వెళ్తాను, మొదటి షాట్ పెట్టకముందే నేల మీద గీత గీస్తాను. ఇంట్లో అయితే ముగ్గుపిండి చాలు.

ఇంతవరకు ఫరవాలేదు, తప్పు ఎవరైనా చేస్తారు. నాకు బాధ కలిగించింది ఆ తప్పు దిద్దిన తీరు. కొంతమంది ఎడిటింగ్ యాప్‌లో ఆ షాట్‌ని ఫ్లిప్ చేసేశారు, అంటే అద్దంలోలా ఎడమ కుడి తారుమారు చేశారు. చూపు ఎడమకి తిరిగింది, నిజమే. దాంతో పాటు మిగతావన్నీ తిరిగాయి. మాస్టర్‌లో కుడిచేత్తో అన్నం కలుపుతున్న అబ్బాయి క్లోజప్‌లో ఎడంచేత్తో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చొక్కా జేబు కుడివైపుకి వచ్చింది. వెనక క్యాలెండర్ మీద అక్షరాలు తిరగబడ్డాయి. ఇంకొక వీడియోలో అమ్మ షాట్ ఫ్లిప్ అయింది. పైట కుడి భుజం మీదికి పోయింది, ఆమె ఎడంచేత్తో నెయ్యి వడ్డించింది. ఆ నెయ్యి చుక్క కోసమే మీరు షాట్ పెట్టుకున్నారు. కొడుకు మొహం చూసి, ఏదో ఉందని గ్రహించి, అడక్కుండానే ఇంకో చెంచా వేస్తుంది. ఎంత మంచి ఆలోచన! మన ఇళ్లలో ఎడంచేత్తో వడ్డిస్తే ప్రేమ అనుకోరు, విసుగు అనుకుంటారు. కథే మారిపోయింది. మళ్లీ తీయండి, ఫ్లిప్ చేయకండి.

చూపు మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. సుమారు వందేళ్ల కింద రష్యాలో సినిమా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుడి ఒకే క్లోజప్‌ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడు. జనానికి ఒక చోట ఆకలి, ఇంకో చోట దుఃఖం కనిపించాయట. మొహం మారలేదు, దేన్ని చూస్తున్నాడన్నదే మారింది. చూపు గోడ మీదికి పోతే మీ నటుడు ఎంత ఏడ్చినా అది అమ్మకి అందదు.

గీత దాటాల్సి వస్తే చూసేవాళ్ల కళ్ల ముందే దాటండి. కెమెరా షాట్‌లోనే నడిచి అవతలికి వెళ్లొచ్చు, లేదా గీత మీదే నిలబడి ఎదురుగా ఒక షాట్ తీయొచ్చు. మధ్యలో మంచినీళ్ల గ్లాసు ఇన్సర్ట్ (ఆ వస్తువునే దగ్గరగా చూపించే షాట్) వేసి దాటేవాళ్లూ ఉన్నారు, నాకు నచ్చదు. అమ్మ లేచి పెరుగు తేవడానికి వెళ్లి, తిరిగొచ్చి అవతల కూర్చోవడమే నాకిష్టం. కొత్త చోటు, కొత్త గీత. పైగా ఆమె లేచిన ఆ కాసేపట్లో కొడుకు మొహం మీకు దొరుకుతుంది.

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు గీత దాటాడు కదా అని ఒకరు రాశారు. దాటాడు. కెమెరాని చాప మీద కూర్చున్న మనిషి కళ్ల కన్నా కిందికి దించి, మనుషులు లెన్స్ పక్కకే చూసేలా పెట్టి, పదే పదే అదే పద్ధతిలో దాటాడు. మీది కిటికీ కోసం దాటిన దాటు.

చూపు ఎత్తు కూడా చూసుకోండి. అమ్మ నిలబడి వడ్డిస్తుంటే కొడుకు క్లోజప్‌లో కళ్లు పైకి ఎత్తాలి. ఎదుట మనిషి లేకపోతే అమ్మ మొహం ఉండాల్సిన ఎత్తులో ఎవరినైనా పిడికిలి పట్టుకోమనండి.

ఈసారి అదే భోజనం, 12 షాట్లు. మధ్యలో నాన్న వచ్చి కూర్చుంటాడు. ముగ్గురు అంటే మూడు గీతలు, నేల మీద మూడూ గీయండి. ఒక్కసారి మాత్రం, నడక మీద, గీత దాటండి. అయ్యాక సంగతి తెలియని మనిషికి సౌండ్ లేకుండా చూపించి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో కాగితం మీద బొమ్మ గీయమనండి. ముందు ఆ కాగితం ఫొటో పంపండి, వీడియో తర్వాత చూస్తాను.