కార్తీకం రద్దీకి ముందు: కుదించిన స్టైల్‌షీట్‌ను తెరిచి చూశాకే విడుదల చేయండి

పోయిన వారం మధురవాడలోని ఒక చిన్న సంస్థ అరకు యాత్రల బుకింగ్ సైటును కొత్త రూపంలో విడుదల చేసింది. ఆఫీసు కంప్యూటర్లలో అంతా సవ్యంగానే ఉంది. జనం ఫోన్లలో తెరిస్తే ‘బుక్ చేయండి’ బటన్ కింది పట్టీ వెనక దాక్కుంది. కార్తీక మాసంలో ఇలా జరిగితే సీజన్ ఆదాయం పోయినట్టే.

సైటు రూపాన్ని నిర్ణయించే స్టైల్‌షీట్‌ను (సీఎస్‌ఎస్ ఫైలును) బరువు తగ్గించడానికి కంప్రెసర్ అనే పరికరంతో కుదిస్తారు. ఆ కుదింపులో ఇక్కడ పోయినవి రెండు ఖాళీలు (స్పేస్‌లు). కొలతలను లెక్కగట్టే సీఎస్‌ఎస్ ఫంక్షన్ కాల్క్‌లో ‘100% + 20 పిక్సెల్స్’ అని లెక్క రాస్తే ప్లస్‌కు అటూ ఇటూ ఖాళీ ఉండి తీరాలని ప్రమాణమే చెబుతోంది. పాత కంప్రెసర్ వాటిని మింగేసింది. చెల్లని వరుసను బ్రౌజర్ పట్టించుకోదు. పేజీ ఆగదు, హెచ్చరిక కనిపించదు. క్రోమ్ ఇన్‌స్పెక్టర్ తెరిస్తేనే ఆ వరుస మీద గీత, పక్కన పసుపు త్రికోణం కనిపిస్తాయి.

నేను చూసినంతలో కొంప ముంచేది ఒకే తప్పు: డెవలప్‌మెంట్ సర్వర్‌లో (సైటు తయారుచేసేటప్పుడు నడిపే సర్వర్‌లో) చూసి విడుదల చేయడం. అక్కడ సాధారణంగా కుదింపే జరగదు. మీరు పరీక్షించేది ఒక ఫైలు, జనానికి చేరేది వేరొకటి. బిల్డ్ చేసిన, అంటే విడుదలకు సిద్ధం చేసిన, ఫైలునే ఫోనులో తెరవండి.

పరికరాల విషయానికొస్తే, వైయూఐ కంప్రెసర్ పాత వెర్షన్లను ఇంకా వాడుతుంటే మార్చేయండి. ఏఎస్‌పీ డాట్ నెట్ పాత బండిలింగ్ (ఫైళ్లను కలిపి కుదించే ఏర్పాటు) వాడేవారు తయారైన ఫైలు తల భాగం చదవండి. కొత్త సీఎస్‌ఎస్ అర్థం కాకపోతే ‘మినిఫికేషన్ ఫెయిల్డ్’ అని అక్కడ వ్యాఖ్య రాసి, కుదించకుండానే పంపేస్తుంది.

అనుమానం వస్తే ముందు సీఎస్‌ఎస్ కుదింపు ఒక్కటే ఆపి బిల్డ్ చేయండి. వీట్ అనే బిల్డ్ పరికరంలో దానికి విడిగా సెట్టింగు ఉంది. తేడా పోయిందంటే దొంగ దొరికినట్టే. అలాగే విడుదల చేసినా ఫర్వాలేదు, సర్వర్‌లో జీజిప్ (ఫైళ్లను పంపేటప్పుడు కుదించే పద్ధతి) ఉంటే బరువు చాలావరకు అదే తగ్గిస్తుంది.

ఇక ఇవి పాటించండి. తెర వెడల్పును బట్టి రూపం మార్చే మీడియా నియమాల్లో ‘అండ్’ తర్వాత ఖాళీ మిగిలిందో లేదో వెతకండి. అది పోతే ఫోను లేఅవుట్ మొత్తం పోతుంది. కాల్క్‌లో సున్నా పక్కన యూనిట్ ఊడిందేమో చూడండి. ఫైళ్లను కలిపాక, వేరే స్టైల్‌షీట్‌ను తెచ్చే ఇంపోర్ట్ వరుసలు పైనే ఉండాలి, మధ్యలో పడితే పనిచేయవు. కంప్రెసర్ వెర్షన్‌ను లాక్ ఫైలులో (వాడే పరికరాల వెర్షన్లు నమోదయ్యే ఫైలులో) బిగించండి. సీజన్ మధ్యలో అప్‌డేట్ చేయకండి. కుదించిన ఫైలును సర్వర్‌లో చేత్తో దిద్దకండి, తర్వాతి బిల్డ్‌తో ఆ దిద్దుబాటు పోతుంది. పాత బిల్డ్‌ను చెరపకండి. శుక్రవారం సాయంత్రం విడుదల వద్దు. బిల్డ్ చేసిన ఫైలును ఫోనులో తెరవకుండా ఏ రోజూ వద్దు.