పరమాణువులో విద్యుత్ ఆవేశం ఎందుకు కనబడదో పళ్లెంలో చూపించండి

ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఇది ఒకసారి చేసి చూడండి. మా అనంతపురంలో శెనక్కాయలకు కొదవ లేదు కాబట్టి నేను వాటితోనే మొదలుపెట్టాను. పళ్లెం మధ్యలో 11 శెనక్కాయ విత్తనాలు ప్రోటాన్లు, 12 చింతపిక్కలు న్యూట్రాన్లు. చుట్టూ మూడు వరుసల్లో 2, 8, 1 చొప్పున ఆవగింజలు ఎలక్ట్రాన్లు. ఇది సోడియం.

"ఇంత చిన్న ఆవగింజ అంత పెద్ద విత్తనానికి ఎట్లా సరిపోతుందమ్మా?" అని మా పాప అడిగింది. చాలామంది పిల్లలు తికమకపడేది ఇక్కడే. ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్ కంటే దాదాపు 1836 రెట్లు ఎక్కువ, నిజమే. కానీ ఆవేశం మాత్రం రెండింటిదీ సరిగ్గా సమానం, ఒకటి ధనం, ఒకటి రుణం. బరువు సంగతి వదిలేసి ప్లస్ 11, మైనస్ 11 కూడమనండి. సున్నా వస్తుంది. చింతపిక్కలకు ఆవేశమే లేదు, లెక్కలోకి రావు.

ఇప్పుడు చివరి వరుసలోని ఒక్క ఆవగింజను తీయించండి. ప్లస్ 1 మిగిలి అది సోడియం అయాన్, అంటే ఆవేశం ఉన్న పరమాణువు, అవుతుంది. మనం పప్పులో వేసుకునే ఉప్పులో ఉండేది ఇదే. తీసిన గింజను పారేయనివ్వకండి, పక్కన క్లోరిన్ పళ్లెంలో వేయించండి. అక్కడ 17 ప్రోటాన్లకు 18 ఎలక్ట్రాన్లవుతాయి.