స్పితి ఒంటరి యాత్రను మనాలి వైపు ఎలా ముగించాలి?

సిమ్లాలో బయలుదేరి, కిన్నౌర్ మీదుగా హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు చేరి, వీపున ఒక్క సంచితో ఒంటరిగా తిరిగేవారిలో చాలామంది యాత్రను చివరి రెండు రోజుల్లోనే పాడుచేసుకుంటున్నారు. వెళ్లే దారి కోసం నెలల తరబడి సిద్ధపడినవారు తిరుగుదారిని ఒక బస్సు ప్రయాణంగానే లెక్కిస్తారు. స్పితిలోని ముఖ్య పట్టణం కాజా నుంచి కుంజుమ్ కనుమ దాటి మనాలికి దిగే సుమారు 200 కిలోమీటర్ల దారికి ఆ లెక్క కుదరదు.

మొదటి పని ఇంట్లోనే పూర్తి కావాలి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కనుక ఢిల్లీ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కో, ఏపీ ఎక్స్‌ప్రెస్‌కో తిరుగు టికెట్టు తీసుకోవడం మంచిదే. అయితే మీరు ఢిల్లీ చేరాలనుకున్న రోజుకూ రైలు ఎక్కే రోజుకూ నడుమ రెండు రోజులు ఖాళీగా ఉంచాలి. ఒక్క రోజు చాలదు. ఎందుకు చాలదో కింద చెబుతాను.

కాజాలో చేయవలసినవి కొద్దిపాటి పనులే. ఏటీఎం నుంచి నగదు తీసుకోండి, ఎందుకంటే లోసర్ ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ ఉండదు, సిగ్నల్ లేనిచోట ఫోన్‌తో చెల్లింపులు జరగవు. రెండు లీటర్ల నీళ్లు, తినడానికి ఏదైనా, ఉన్ని టోపీ, చలికోటు చేతికందేలా పెట్టుకోండి. ఏ బస్సులో వెళుతున్నారో, ఎప్పటికి మనాలి చేరతారో ఇంట్లోవారికీ, బస చేసిన హోమ్‌స్టేవారికీ చెప్పి బయలుదేరండి.

ఇక అసలు కష్టమంతా కనుమ దాటడంలోనూ, దాటిన తరువాత గ్రాంఫూ అనే చోటు వరకూ సాగే దారిలోనూ ఉంది. కుంజుమ్ ఎత్తు 4,500 మీటర్లకు పైమాటే. అక్కడి నుంచి బాతల్‌కు దిగి, చంద్రా నది వెంట ఛత్రూ మీదుగా సాగే దారిని హిమానీనదాల నుంచి దిగే వాగులు పలుచోట్ల అడ్డంగా దాటుతాయి. స్థానికులు వీటిని నాలాలు అంటారు. రాత్రి చలికి మంచు కరగడం తగ్గుతుంది కాబట్టి తెల్లవారే వేళకు వాగులో నీరు పలచగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పెరిగి, మధ్యాహ్నానికి రాళ్లను దొర్లించుకుపోయేంత ఉద్ధృతమవుతుంది. అందువల్ల కాజా నుంచి తెల్లవారుజామునే కదలాలి. తొమ్మిదింటికి టిఫిను చేసి బయలుదేరే షేర్ ట్యాక్సీ ఎంత సౌకర్యంగా కనిపించినా ఎక్కకండి.

దారి ఎలా ఉందో ముందురోజు సాయంత్రం మనాలి నుంచి వచ్చిన డ్రైవర్‌నే అడగాలి. తెరిచి ఉందా అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది, దానివల్ల మీకేమీ తెలియదు. ఏ వాగును ఎన్ని గంటలకు దాటారు, నీరు చక్రంలో ఎంతవరకు వచ్చింది అని అడగండి. ఒంటరిగా వెళ్లేవారు ప్రభుత్వ బస్సే ఎక్కాలన్నది నా నియమం. అది నిలిచిపోతే మీతో పాటు బస్సెడు మంది ఉంటారు, రాకపోతే దాని కోసం వెతికేవారూ ఉంటారు; దారిన పోయే బైకు మీద లిఫ్ట్ అడిగి వెళితే ఆ రెండూ ఉండవు.

వాగు దగ్గర ప్రయాణికులను దింపి నడిచి దాటమంటే తొందరపడకండి. సంచి నడుం పట్టీనీ, ఛాతీ పట్టీనీ ముందుగా విప్పేయాలి. కాలు జారితే సంచిని వదిలించుకోగలగాలి. నీటి అడుగున రాళ్లు కోస్తాయి కనుక బూట్లు విప్పకండి. నీరు మోకాలు దాటితే దిగకండి, బస్సులోనే కూర్చుంటానని కండక్టర్‌కు గట్టిగా చెప్పండి.

ఉదయం మూసిన దారి సాయంత్రానికీ తెరుచుకోకపోతే మరునాడే టాబో, నాకో, రెకాంగ్ పియో మీదుగా సిమ్లాకు మళ్లాలి. ఎదురుచూపుకు ఒక రోజు, చుట్టుదారికి మరో రోజు: ఆ రెండు ఖాళీ రోజులు ఇందుకే. 2023 జూలైలో భారీ వర్షాలకూ మంచుకూ కుంజుమ్ సమీపంలోని చంద్రతాల్ సరస్సు దగ్గర పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు, అదే సమయంలో బియాస్ నది కులూ–మనాలి రహదారిని పలుచోట్ల కోసేసింది. అందుకే చంద్రతాల్‌ను చివరి రోజుకు తగిలించడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఈ యాత్రను మనాలిలో మొదలుపెట్టి సిమ్లాలో ముగించమనేవారున్నారు. ఆ పద్ధతిలో సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న మనాలి నుంచి ఒక్క రోజులోనే కుంజుమ్ ఎక్కవలసి వస్తుంది; తలనొప్పి, వాంతులతో కాజాలో రెండు రోజులు పడుకునేవారిలో ఎక్కువమంది అలా వచ్చినవారే. కిన్నౌర్ వైపు నుంచి వస్తే ఎత్తు మెల్లగా పెరుగుతుంది, శరీరం అలవాటుపడ్డాకే కనుమ ఎదురవుతుంది.

గ్రాంఫూ తరువాత దారి సుఖంగానే ఉంటుంది. 2020 అక్టోబరులో ప్రారంభమైన, సుమారు 9 కిలోమీటర్ల పొడవున్న అటల్ సొరంగం వల్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది. మనాలి చేరగానే ఇంటికి ఫోన్ చేయండి, ఆ రాత్రి అక్కడే నిద్రపోండి, మరునాటి సాయంత్రం ఢిల్లీ బస్సు ఎక్కండి. గదిలో ఉన్నంతసేపూ స్లీపింగ్ బ్యాగును తిరగేసి ఆరబెట్టండి. తేమతో చుట్టి రైల్లో తెస్తే ఇల్లు చేరేసరికి బూజు పడుతుంది.