మీ పుట్టినరోజునే పుట్టిన ప్రముఖులను వెతికి పట్టుకోవడం ఎలా?

మీరు జూన్ 28న పుట్టారా? అయితే పీవీ నరసింహారావు, ఇలాన్ మస్క్ ఇద్దరూ మీ తేదీవాళ్లే. ఒకరిది 1921, ఇంకొకరిది 1971, సరిగ్గా యాభై ఏళ్ల తేడా. ఇలాంటి సంగతి ఒకటి చేతిలో ఉంటే స్కూల్ అసెంబ్లీలో పిల్లాడు నిలబడి చెప్పడానికి, ఆఫీసులో కేక్ కట్ చేసేటప్పుడు నాలుగు మాటలు మాట్లాడటానికి, ఏమీ కాకపోతే ఫ్యామిలీ గ్రూపులో పెట్టడానికైనా పనికొస్తుంది.

ఫోన్లో తేదీ కొడితే వందల పేర్లు వచ్చి పడతాయి, అదేం పెద్ద పని కాదు. వాటిలో సగం మనం ఎన్నడూ వినని పేర్లు, కొన్ని ఆ రోజు చనిపోయినవాళ్లవి, కొన్నింటికి తేదీలే తేడా. నిజమైనవి తేల్చుకుని, చెప్పుకోదగ్గవి ఏరుకోవడంలోనే ఉంది పనంతా. ఆగస్టు 29ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం, ఆ తేదీలో సరుకు బాగా ఉంది.

1. ముందు మీ తేదీ ఏదో తేల్చుకోండి

నవ్వకండి, మన ఇళ్లలో ఇది నిజంగానే సమస్య. పాతతరం వాళ్లలో చాలామందికి రెండు పుట్టినరోజులుంటాయి, అమ్మ చెప్పేది ఒకటి, బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసేసింది ఇంకొకటి. జూన్‌లోనో జూలైలోనో పుట్టినట్టు సర్టిఫికెట్లో ఉన్న తాతయ్యలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు, బడులు తెరిచేది అప్పుడే కదా. ఆధార్‌లో, పింఛన్ కాగితాల్లో ఆ తేదీయే ఉన్నా, మనకు కావలసింది అమ్మ చెప్పేదే.

ఆవిడేమో "శ్రావణ బహుళ అష్టమి, రాత్రి రెండున్నరకి పుట్టావు" అంటుంది. సంవత్సరం తెలిస్తే ఆ ఏటి పంచాంగం చూసి ఇంగ్లీషు తేదీ పట్టుకోవచ్చు, పాత సంవత్సరాల పంచాంగాలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. కాకపోతే ఒక చోట జాగ్రత్త పడాలి. మన లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రికే మారుతుంది. శనివారం రాత్రి రెండున్నరకి పుట్టిన బిడ్డ పెద్దవాళ్ల లెక్కలో శనివారం బిడ్డే, క్యాలెండర్ ప్రకారం మాత్రం ఆదివారం బిడ్డ. రాత్రి పుట్టినవాళ్లయితే "తెల్లవారితే ఏ వారం?" అని అడిగి మరీ నిర్ధారించుకోండి. ఒక్కరోజు అటూ ఇటూ అయితే జాబితా మొత్తం మారిపోతుంది.

2. పేర్లు పోగుచేయండి

తెలుగు వికీపీడియాలో నెల పేరు, తేదీ కొడితే ఆ రోజుకంటూ ఒక పేజీ వస్తుంది. (ఆగస్టు అని రాకపోతే ఆగష్టు అని కొట్టి చూడండి.) అందులో సంఘటనలు, జననాలు, మరణాలు విడివిడిగా ఉంటాయి. ఇంగ్లీషు వికీపీడియాలోనూ ప్రతి తేదీకీ ఇలాంటి పేజీయే ఉంటుంది, కాకపోతే చాలా పెద్దది. రెండూ చూడాలి. తెలుగు కవులు, నటులు, స్వాతంత్ర్య సమరయోధులు ఎక్కువగా మన పేజీలో దొరుకుతారు, బయటి దేశాలవాళ్లు అందులో.

ఇవి చాలకపోతే వికీడేటా ఉంది. అందులో మనుషుల వివరాలన్నీ గడులు గడులుగా నింపి ఉంటాయి, పుట్టిన తేదీ అనే గడిని పట్టుకుని వెతకొచ్చు. ఇంట్లో కంప్యూటర్ చదువు చదివినవాళ్లు ఉంటే వాళ్లకి అప్పగించండి, "ఈ తేదీన పుట్టిన తెలుగు గాయకులు" అని కూడా వడకట్టి ఇవ్వగలరు. లేకపోయినా ఫర్వాలేదు, పై రెండు పేజీలతో పని జరిగిపోతుంది.

ఆగస్టు 29కి అలా పోగేస్తే ఏమొచ్చాయో చూడండి. గిడుగు రామమూర్తి (1863), ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ధ్యాన్‌చంద్ (1905), ఆయన పుట్టినరోజు జాతీయ క్రీడా దినోత్సవం. అంటే బడుల్లో పొద్దున పద్యాల పోటీ, సాయంత్రం ఆటల పోటీ ఒకే రోజు పెట్టాల్సి వస్తోందంటే కారణం ఈ ఇద్దరే. మైకేల్ జాక్సన్ (1958), సరిగ్గా ఏడాది తర్వాత మద్రాసులో అక్కినేని నాగార్జున (1959). తెలుగు కుటుంబంలో పుట్టి తమిళ సినిమాల్లో స్థిరపడిన విశాల్ (1977). ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ (1632), జాజ్ సంగీతకారుడు చార్లీ పార్కర్ (1920), గాంధీ మీద సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో (1923). ఇక స్వీడన్ నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ సంగతి చిత్రం, ఆవిడ 1915 ఆగస్టు 29న పుట్టి, 1982లో అదే తేదీన, అరవై ఏడో పుట్టినరోజు నాడే కన్నుమూసింది.

3. ప్రతి పేరునీ ఒకసారి అనుమానించండి

జాబితాలు తయారుచేసేవాళ్లు ఒకరి నుంచి ఒకరు కాపీ కొడతారు. పది సైట్లలో ఒకే తేదీ ఉందంటే పది సాక్ష్యాలున్నట్టు కాదు, పదింటికీ మూలం ఒకటే కావచ్చు. అందుకని ఆ మనిషి ఆత్మకథ, ఆయన పేరిట నడిచే ట్రస్టు, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా లాంటి విజ్ఞాన సర్వస్వం, రాజకీయ నాయకుడైతే పార్లమెంటు సైట్లోని సభ్యుల వివరాలు, వీటిలో ఒక్కటైనా చూడండి. సినిమావాళ్ల విషయంలో తేదీ సాధారణంగా సరిగ్గానే ఉంటుంది, అభిమానులు ఊరుకోరు కాబట్టి. పుట్టిన సంవత్సరం దగ్గరే ఒక్కొక్కచోట ఒక్కోలా కనిపిస్తుంది. అలాంటప్పుడు తేదీ మాత్రమే రాసి సంవత్సరం వదిలేయండి, మీ పనికి తేదీ చాలు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, మరణాల్లోంచి పేరు జననాల్లోకి వచ్చి చేరడం. బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాంకీ ఆగస్టు 29కీ సంబంధం ఉంది, అయితే అది 1976లో ఆయన పోయిన రోజు. హడావిడిలో ఆయన ఫొటో కూడా "పుట్టినరోజు శుభాకాంక్షలు" కింద పెట్టేస్తే ఎంత ఇబ్బంది! వాట్సాప్ ఫార్వర్డుల్లో ఇవి కొల్లలు.

ఎవరికైనా జనవరి 1 అని కనిపిస్తే మరీ అనుమానించండి. పుట్టిన సంవత్సరం ఒక్కటే తెలిసినప్పుడు మిగతా రెండు గడులూ ఖాళీగా ఉంచలేక 1-1 వేసేసే అలవాటు ఆఫీసుల్లోనూ ఉంది, కంప్యూటర్లలోనూ ఉంది.

కొన్ని తేదీలు పెద్దల సమక్షంలోనే తెగలేదు. శ్రీశ్రీ పుట్టినరోజును 1910 ఏప్రిల్ 30గా జరుపుకుంటున్నాం గానీ దాని మీద పరిశోధకుల్లో భేదాభిప్రాయాలున్నాయి. సైన్యాధిపతిగా చేసిన జనరల్ వీకే సింగ్ పుట్టిన ఏడాది రికార్డుల్లో ఒకచోట 1950, ఇంకోచోట 1951 అని ఉండి ఆ గొడవ 2012లో సుప్రీంకోర్టు గడప ఎక్కింది. షేక్‌స్పియర్ విషయంలోనైతే మనకు కచ్చితంగా తెలిసింది 1564 ఏప్రిల్ 26న చర్చిలో నామకరణం జరిగిందని, అంతే. ఏప్రిల్ 23 అన్నది జనం స్థిరపరచుకున్న తేదీ. గాయని ఎస్. జానకిది 1938 ఏప్రిల్ 23. ఆవిడ పక్కన షేక్‌స్పియర్ పేరు రాసేటప్పుడు "సంప్రదాయంగా ఈ రోజని చెప్పుకుంటారు" అని ఒక ముక్క కలపండి, సరిపోతుంది.

4. పాతకాలం వాళ్లయితే ఏ క్యాలెండరో చూడండి

ఇప్పుడు మనం వాడే క్యాలెండర్ 1582లో వచ్చింది. అన్ని దేశాలూ ఒకేసారి దానికి మారలేదు. ఇంగ్లండ్ 1752 దాకా ఆగింది, ఆ ఏడు సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. రష్యా అయితే 1918 దాకా కదల్లేదు.

పైన చెప్పిన జాన్ లాక్ సంగతి ఇక్కడే తేలాలి. ఆయన పుట్టిన 1632లో ఇంగ్లండ్ పాత లెక్కలో ఉంది, అప్పటికి తేడా పది రోజులు. అంటే ఆయన ఆగస్టు 29 ఇప్పటి లెక్కలో సెప్టెంబర్ 8. మరి జాబితాలో ఉంచాలా వద్దా? ఉంచొచ్చు, ఆయన ఊరివాళ్లు ఆ రోజును ఆగస్టు 29 అనే అన్నారు. "పాత క్యాలెండర్ ప్రకారం" అని రాస్తే ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

న్యూటన్‌ది ఇంకా సరదా. ఇంగ్లండ్ లెక్కలో 1642 డిసెంబర్ 25, క్రిస్మస్ బిడ్డ. కొత్త లెక్కలో 1643 జనవరి 4. గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడని చిన్నప్పుడు సైన్సు మాస్టార్లు చెప్పేవారు కదా, అది నిజం కావాలంటే గెలీలియోకి ఇటలీ వాళ్ల కొత్త క్యాలెండరు, న్యూటన్‌కి ఇంగ్లండ్ వాళ్ల పాత క్యాలెండరు వాడాలి. రెండింటికీ ఒకటే వాడితే ఏడాది మారిపోతుంది. డిసెంబర్ 25కి న్యూటన్ మీద బెంగ అక్కర్లేదు లెండి, వాజ్‌పేయి (1924), మదన్ మోహన్ మాలవ్య (1861), మహమ్మద్ అలీ జిన్నా (1876) ముగ్గురూ ఆ రోజువాళ్లే.

5. ఏరండి, నిర్దాక్షిణ్యంగా ఏరండి

నలభై పేర్లు చదివి వినిపిస్తే పిల్లలు కాదు, పెద్దవాళ్లే ఆవులిస్తారు. ఆరో ఏడో ఉంచండి. ఎవరికోసం చేస్తున్నారో చూసుకుని ఏరండి. క్రికెట్ పిచ్చి ఉన్న కుర్రాడు డిసెంబర్ 6న పుట్టాడనుకోండి, రవీంద్ర జడేజా (1988), జస్‌ప్రీత్ బుమ్రా (1993), శ్రేయస్ అయ్యర్ (1994), కరుణ్ నాయర్ (1991), ఆర్పీ సింగ్ (1985), ఇక వేరే పేరు అక్కర్లేదు, సగం టీమ్ తయారు.

తేదీతో పాటు సంవత్సరం కూడా కలిసే జంట దొరికితే వదలకండి. జూనియర్ ఎన్టీఆర్, మంచు మనోజ్ ఇద్దరూ 1983 మే 20నే పుట్టారు. సిరివెన్నెల సీతారామశాస్త్రిది కూడా మే 20యే, 1955. ప్రపంచం మొత్తం మీద ఈ జంటల్లో పేరున్నది అబ్రహాం లింకన్, చార్లెస్ డార్విన్‌లది, ఇద్దరూ 1809 ఫిబ్రవరి 12. ఒకరు అమెరికాలో కెంటకీ అడవుల్లో ఒంటిగది దుంగల గుడిసెలో, ఇంకొకరు ఇంగ్లండ్‌లో డబ్బున్న డాక్టరు గారింట్లో. ఒకే రోజు పుట్టినవాళ్ల జాతకం ఒకేలా ఉంటుందని వాదించే చుట్టాలుంటే ఈ ఇద్దరి పేర్లూ చెప్పి కూర్చోండి.

పేరు పక్కన వట్టి "ప్రముఖ నటుడు", "గొప్ప నాయకుడు" అని రాయకండి, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ మనిషి చేసిన పని ఒకటి రాయండి. "గిడుగు రామమూర్తి: బడిపుస్తకాల్లోకి వాడుక భాష రావాలని పోరాడాడు, సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేశాడు." "ధ్యాన్‌చంద్: 1928, 1932, 1936 ఒలింపిక్స్, మూడింట్లోనూ హాకీ బంగారు పతకం." ఒక్కో పేరుకి ఈ మాత్రం ఉంటే వినేవాళ్లే మిగతాది అడుగుతారు.

6. ఫిబ్రవరి 29 వాళ్లకి

మీకు పేర్లు తక్కువ దొరుకుతాయి, దొరికినవి మాత్రం దిట్టమైనవి. మాజీ ప్రధాని మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. నాలుగేళ్లకి రావలసిన అసలు పుట్టినరోజు ఆయనకి రాలేదు, ఎందుకంటే 1900 లీపు సంవత్సరం కాదు (వందతో భాగించబడే ఏడాది నాలుగువందలతోనూ భాగించబడితేనే లీపు). దాంతో మొదటి అసలు పుట్టినరోజు ఎనిమిదో ఏట, 1904లో వచ్చింది. సరిగ్గా ఆ రోజే మదురైలో రుక్మిణీదేవి పుట్టింది, తర్వాత కళాక్షేత్ర అనే నాట్య పాఠశాల పెట్టిన రుక్మిణీదేవి అరండేల్!

7. క్లాసులో, ఆఫీసులో చేయాలంటే

ప్రముఖులతో ఆపకుండా పక్కనున్నవాళ్లలో కూడా జంటలు వెతికించండి. 23 మంది ఉన్నచోట ఏ ఇద్దరికైనా ఒకే పుట్టినరోజు ఉండే అవకాశం యాభై శాతానికి పైనే, 40 మంది ఉన్న క్లాసులో దాదాపు 89 శాతం. నమ్మరు, చేసి చూపించండి. అదే "నా తేదీనే పుట్టినవాళ్లు ఉన్నారా" అని అడిగితే లెక్క మారిపోతుంది, సగం అవకాశం రావాలన్నా 253 మంది కావాలి. పిల్లలు ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేస్తారు, బోర్డు మీద విడివిడిగా రాయండి.

ఇక ఫ్లెక్సీయో, చార్టో వేయించేటట్టయితే ఫొటోలు ఎక్కడబడితే అక్కడ నుంచి లాగకండి. వికీమీడియా కామన్స్‌లో ఫొటో కింద ఎలా వాడుకోవచ్చో, ఎవరి పేరు వేయాలో రాసి ఉంటుంది, చూసి తీసుకోండి. ఫ్లెక్సీ షాపుకి పంపేముందు పేర్లు, సంవత్సరాలు ఇంకొకరి చేత చదివించండి. అచ్చులో 1863 కాస్తా 1963 అయితే గిడుగు వారు మైకేల్ జాక్సన్ కన్నా ఐదేళ్లు చిన్నవారైపోతారు.