భార్య లేదా భర్త స్కాన్ రిపోర్టు వచ్చేదాకా గాబరాను ఎలా తట్టుకోవాలి?

స్కాన్ తీసిన దగ్గర్నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా చాలా ఇళ్లలో పేషెంటు కంటే పక్కనున్న మనిషే ఎక్కువ నలిగిపోతారు. గాబరా పూర్తిగా పోదు. పోగొట్టుకోవాలని కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. తిండి, నిద్ర, పని సాగేంతవరకు తగ్గించుకుంటే చాలు.

1. స్కాన్ సెంటరు దాటకముందే అడిగి రాసుకోండి

రిపోర్టు ఏ రోజు, ఎన్నింటికి ఇస్తారు? ఫోన్‌కు పంపుతారా, రసీదు పట్టుకుని రావాలా? ఆలస్యమైతే ఏ నంబరుకు చెయ్యాలి? డాక్టరు ఓపీ ఏ రోజుల్లో? చివరిది అన్నిటికంటే ముఖ్యం. శనివారం సాయంత్రం రిపోర్టు తెచ్చుకుని, సోమవారం దాకా డాక్టరు దొరక్కపోతే ఆ ఆదివారం నరకమే. వీలైతే డాక్టరు ఉండే రోజునే తీసుకోండి. ఇచ్ఛాపురం, పలాస వైపు నుంచి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లయితే రెండు పనులూ ఒకే ప్రయాణంలో అయ్యేలా చూసుకోండి.

అల్ట్రాసౌండ్ రిపోర్టు చాలాచోట్ల అదే రోజు ఇస్తారు. సీటీ, ఎమ్మారైలకు ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. ముక్క తీసి బయాప్సీకి పంపితే వారం దాకా పడుతుంది. ఆ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనం దిమ్మలో బిగించి, పల్చగా కోసి, రంగు వేసి చూడాలి మరి. అదనపు పరీక్షలు పడితే ఇంకొన్ని రోజులు.

2. లేని అర్థాలు తియ్యకండి

టెక్నీషియన్ ఏమీ మాట్లాడలేదంటే చెడ్డ కబురు దాస్తున్నట్టు కాదు. ఫలితం చెప్పాల్సింది స్కాన్ బొమ్మలు చదివే డాక్టరు, అంటే రేడియాలజిస్టు. మళ్లీ పడుకోబెట్టి ఇంకోసారి తీశారా? పేషెంటు కదిలితే బొమ్మ మసకబారుతుంది, అందుకూ తీస్తారు. ఇంజెక్షన్ ఇచ్చి తియ్యాలన్నప్పుడు ముందుగా క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించమంటారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు ఆ మాట వింటేనే గుండె జారుతుంది. కానీ ఆ మందు కిడ్నీల గుండా బయటికి పోవాలి కాబట్టి, అవి ఎలా పనిచేస్తున్నాయో చూసుకుంటారు, అంతే.

3. గుండె దడ మొదలైతే

వీపు ఆనించి కూర్చుని ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా మెల్లగా గాలి పీల్చండి, పొట్ట మీది చెయ్యి పైకి లేవాలి. ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. ఐదు నిమిషాలు చెయ్యండి. చాలామంది చేసే పొరపాటు, గాబరాలో గట్టిగా, గబగబా పీల్చడం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, భయం రెట్టింపవుతుంది. అలా అయితే లోతు తగ్గించి, వదిలే ఊపిరిని పొడిగించండి.

గాబరా దాడి సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా గాబరాయే అనుకుని ఊరుకోవద్దు. 108కి ఫోన్ చెయ్యండి.

4. దిగులుకు ఒక వేళ పెట్టండి

సాయంత్రం ఐదున్నర నుంచి పదిహేను నిమిషాలు, ఒక కాగితం, పెన్ను. మనసులో తిరిగేదంతా రాసి, డాక్టర్ని అడగాల్సినవాటికి గుర్తు పెట్టండి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే "ఐదున్నరకు చూద్దాం" అనుకుని చేతిలో పని అందుకోండి. మొదటి రోజు కుదరదు, రెండో రోజుకు కొంచెం నయం. అరసవల్లి వెళ్లొస్తేనో, పైడితల్లమ్మకు మొక్కుకుంటేనో మనసు కుదుటపడుతుందంటే వెళ్లండి, ఇంట్లోవాళ్లను ఒంటరిగా వదిలి మాత్రం కాదు.

5. ఫోన్లకు అడ్డుకట్ట

"ఏటన్నారు డాక్టరు?" అని పదిమందికీ చెప్పిందే చెప్పడంలోనే సగం ఓపిక పోతుంది. అందరికీ ఒకే మెసేజ్ పెట్టండి: "స్కాన్ అయింది. రిపోర్టు గురువారం సాయంత్రం. వచ్చాక నేనే చెప్తాను, అప్పటిదాకా ఫోన్లు చెయ్యకండి, ఏమీ అనుకోవద్దు." మాట వినని చుట్టాలను బావమరిదికో ఆడపడుచుకో అప్పగించండి. "మా తోటికోడలికీ ఇలాగే మొదలైంది" అని ఎవరైనా ఎత్తుకుంటే పొయ్యి మీద పాలున్నాయని చెప్పి పెట్టేయండి. ఈ ఒక్క అబద్ధానికి పాపం అంటదు.

6. మీ ఇద్దరి మధ్య

ధైర్యం నటించకండి. పక్కనున్న మనిషికి అది తెలిసిపోతుంది, "నా దగ్గర ఏదో దాస్తున్నారు" అన్న అనుమానం మొదలవుతుంది. "నాకూ భయంగానే ఉంది" అంటే చాలు. రిపోర్టు ముందు ఎవరు చదవాలో, డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లాలో లేదో ముందే మాట్లాడుకోండి. పేషెంటు వద్దంటే, మీరు తొందరపడి కవరు చింపకండి.

7. రాత్రిళ్లు

మధ్యాహ్నం మూడు దాటాక టీ, కాఫీ మానండి. ఇరవై నిమిషాలకూ నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకోండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్ర బిళ్ల, పక్కింటివాళ్లు ఇచ్చిన ఆల్‌ప్రాజొలామ్ ముట్టుకోవద్దు. అలవాటు పడే మందు అది. మద్యంతో కలిస్తే ప్రాణం మీదికొస్తుంది.

రెండు మూడు రాత్రులు వరసగా నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రోజంతా ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదనిపిస్తే వెంటనే చెయ్యండి.

8. రిపోర్టు వచ్చాక

చివర "ఇంప్రెషన్" అన్న భాగం చూడండి, తేల్చిన విషయం అక్కడే ఉంటుంది. "అన్‌రిమార్కబుల్" అంటే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదని. "లీజన్" అంటే ఆ చోట మామూలుగా లేనిదేదో ఉందని మాత్రమే, క్యాన్సరని కాదు. "క్లినికల్ కోరిలేషన్" అంటే పేషెంటును చూసిన డాక్టరు లక్షణాలతో కలిపి తేల్చాలని. ఒక్కో మాటనూ గూగుల్‌లో పెట్టి వెతక్కండి, అన్నిటికంటే భయంకరమైన జబ్బే ముందు కళ్లబడుతుంది. ఫిల్ములు, పాత రిపోర్టులు, ఐదున్నరకు రాసుకున్న కాగితం ఒకే సంచిలో పెట్టుకుని ఓపీకి వెళ్లండి. పాత స్కాన్ పక్కన పెట్టి చూస్తేనే మచ్చ కొత్తదో, ఏళ్లుగా ఉన్నదో డాక్టరు పోల్చగలరు.